శిస్తు, లెవీ, మద్దతు ధర: సర్కారుతో కృష్ణా డెల్టా లెక్కలు

కృష్ణా డెల్టాలో సేద్యానికి సర్కారు సాయం దానంగా రాలేదు, పెట్టుబడిగా వచ్చింది. 1832-33లో, తెలుగు లెక్కన నందన నామ సంవత్సరంలో, వచ్చిన కరువు గుంటూరు ప్రాంతాన్ని ఊడ్చిపెట్టింది. జిల్లా జనంలో సుమారు మూడో వంతు చనిపోవడమో ఊళ్లు వదిలిపోవడమో జరిగింది. నందన కరువు అన్న పేరు తరతరాలు నిలిచిపోయింది. మనుషులతో పాటు ఈస్టిండియా కంపెనీకి శిస్తు కూడా పోయింది. పక్కనే కృష్ణ నిండుగా పారి సముద్రంలో కలుస్తుంటే పొలాలు ఎండిపోవడం ఏమిటన్న ప్రశ్నకు ఇంజినీరు ఆర్థర్ కాటన్ చెప్పిన జవాబులో జాలి ఉంది, జమాఖర్చూ ఉంది. నీళ్లిస్తే పంట పండుతుంది, పంట పండితే శిస్తు పెరుగుతుంది, పెట్టిన సొమ్ము వడ్డీతో తిరిగొస్తుంది. కంపెనీ పెద్దలను ఒప్పించింది ఈ రెండో భాగమే. గోదావరి మీద ధవళేశ్వరం ఆనకట్ట 1852 నాటికి పూర్తయింది. బెజవాడ దగ్గర ఇంద్రకీలాద్రికి, సీతానగరం కొండకు మధ్య కెప్టెన్ చార్లెస్ ఓర్ ఆధ్వర్యంలో కృష్ణ ఆనకట్ట పని 1852లో మొదలై 1855లో ముగిసింది.

ఈ పుట్టుక తర్వాతి నూటడెబ్బై ఏళ్ల వైఖరిని చాలావరకు నిర్ణయించింది. మెట్ట పొలం మాగాణి అయిన రోజునే దాని మీద శిస్తు మారింది. కాలువ నీటికి తీరువా పడింది. ఏటా జమాబందీలో కరణం లెక్కలు తిరగేసి ఎవరు ఎంత కట్టాలో తేల్చేవాడు. రైతు దృష్టిలో నీళ్లు కొనుక్కున్న సరుకు. కాలువ చివరి భూములకు తడి అందకపోతే, మురుగు కాలువ పూడి చేను మునిగితే, అతను దయ చూపమని అడగలేదు, డబ్బు తీసుకుని సరుకు ఇవ్వలేదని నిలదీశాడు. సర్కారు సాయాన్ని హక్కుగా మాట్లాడే అలవాటు డెల్టాకు ఇక్కడే అబ్బిందనుకోవచ్చు.

కాలువలు నీటితో పాటు సరుకునూ మోశాయి. ఏలూరు కాలువ కృష్ణను గోదావరితో కలిపింది. దక్షిణాన కొమ్మమూరు, బకింగ్‌హాం కాలువల మీదుగా బియ్యం పడవలు మద్రాసు దాకా వెళ్లాయి. 1893లో కృష్ణ మీద రైలు వంతెన పూర్తయ్యాక బెజవాడ కూడలి అయింది. తిండికి పండించిన గింజ అమ్మకానికి పండించే గింజగా మారాక రైతుకు వానతో పాటు ధర మీద కూడా కన్ను పడింది. శిస్తు డబ్బులో కట్టాలి, ధాన్యం అమ్మితేనే డబ్బు. ధర పడితే శిస్తు భారం పెరిగినట్టే.

ఆ లెక్క 1920ల చివర్లో బెడిసికొట్టింది. అంతకుముందే 1922లో గుంటూరు జిల్లా పెదనందిపాడు ఫిర్కాలో పర్వతనేని వీరయ్య చౌదరి నాయకత్వంలో పన్నుల నిరాకరణ నడిచింది. అది సహాయ నిరాకరణలో భాగం కాబట్టి దాని కథ వేరు. డెల్టా రైతును కమతం లెక్క చూసుకుని వీధికెక్కేలా చేసింది రీసెటిల్‌మెంటు. ముప్పై ఏళ్లకోసారి శిస్తు సవరించే పద్ధతిలో కృష్ణా, గోదావరి జిల్లాల్లో నూటికి 18¾ చొప్పున, అంటే రూపాయికి మూడణాలు, పెంచాలని మద్రాసు ప్రభుత్వం పూనుకుంది. ఆ సమయానికి ప్రపంచమంతటా ధరలు కూలుతున్నాయి. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాతి మంచి ధరలు చూసి వేసిన అంచనా చేతికొచ్చే వేళకు ధాన్యం కొనే నాథుడు లేడు. 1928లో ఏర్పడ్డ ఆంధ్ర రాష్ట్ర రైతు సంఘం ఈ సమస్య మీదే బలపడింది. ఆచార్య ఎన్.జి. రంగా ఊరూరా తిరిగారు, 1933లో నిడుబ్రోలులో రైతు విద్యాలయం పెట్టారు. 1937-38లో ఇచ్ఛాపురం నుంచి మద్రాసు దాకా రైతుల పాదయాత్ర సాగింది. శిస్తు తగ్గించాలి, అప్పుల నుంచి ఊరట కావాలి, జమీందారీలు పోవాలి అన్నవి అప్పటి ప్రధానమైన కోర్కెలు. మద్దతు ధర అనే మాట ఇంకా పుట్టలేదు. తీసుకునేది తగ్గించడమే ఆనాటి సాయం.

అయితే వ్యాపారం విషయంలో ఒక కొత్త కోరిక అప్పుడే తలెత్తింది. మద్రాసు రాష్ట్రపు బజార్లలో డెల్టా బియ్యానికి బర్మా బియ్యం పోటీ. దాన్ని ఆపమని అడగడానికి దారి లేదు. 1937 ఏప్రిల్ దాకా బర్మా బ్రిటిష్ ఇండియాలో భాగమే, సొంత ఇంటి సరుకు మీద సుంకం వేయరు. సయాం, ఇండోచైనాల నుంచి ఓడల్లో దిగిన చౌక నూకలు మాత్రం విదేశీ సరుకు. మిల్లర్లూ రైతులూ కలిసి గోల చేశాక 1935లో ఢిల్లీ ప్రభుత్వం నూకల దిగుమతి మీద మణుగుకు 12 అణాల సుంకం విధించింది. రైతు, మిల్లరు ఒకే గొంతుతో మాట్లాడిన సందర్భాలు డెల్టా చరిత్రలో అరుదు. ఇది వాటిలో ఒకటి.

1938లో రాజాజీ మంత్రివర్గం తెచ్చిన రైతు రుణ విమోచన చట్టం రైతుల్లోనే చీలిక తెచ్చింది. పాత అప్పుల మీద పేరుకున్న వడ్డీని అది కొట్టేసింది. అప్పు తీసుకున్న రైతు సంతోషించాడు. అప్పు ఇచ్చినవాడు కూడా చాలా ఊళ్లలో రైతే, కాస్త పెద్ద రైతు. అతను తిట్టుకున్నాడు, మళ్లీ అప్పు పుట్టడం కష్టమైంది. రుణ మాఫీ మీద డెల్టాలో ఈనాటికీ వినిపించే రెండు మాటలు, గొంతు మీది కత్తి తీశారనీ, కట్టినవాణ్ణి వెర్రివాణ్ణి చేశారనీ, అప్పుడే పుట్టాయి. 2008లో కేంద్రం, 2014లో నవ్యాంధ్ర ప్రభుత్వం మాఫీలు ప్రకటించినప్పుడు పాత వాదం అక్షరం మారకుండా తిరిగొచ్చింది.

1942లో బర్మా జపాను చేతికి చిక్కడంతో అంతా తలకిందులైంది. నిన్నటిదాకా పోటీగా ఉన్న బియ్యం మాయమైంది, డెల్టా గింజ బంగారమైంది. ఆ లాభం రైతు చేతికి రాకముందే సర్కారు సేకరణ వచ్చింది. పట్టణాల్లో రేషను కార్డులు, పల్లెల్లో గాదెల తనిఖీలు, జిల్లా దాటితే పర్మిట్లు. ధర పెరిగినప్పుడు అడ్డుపడే సర్కారు, ధర పడినప్పుడు ఎక్కడికి పోయిందన్న నిష్ఠూరం అప్పటిదే. రాజాజీ 1952 జూన్‌లో మద్రాసు రాష్ట్రంలో ఆహార నియంత్రణలు ఎత్తేసినప్పుడు డెల్టాలో పెద్ద రైతు, వ్యాపారి మెచ్చుకున్నారు. బియ్యం కొనుక్కుని తినే కూలీకి భయం పట్టుకుంది.

అదే ఏడాది పాత ఆనకట్టకు గండి పడింది. దాని స్థానంలో 1954-57 మధ్య కట్టిన బ్యారేజీకి టంగుటూరి ప్రకాశం పేరు పెట్టారు. శిస్తు మంత్రిగా 1938లో జమీందారీ విచారణ సంఘానికి అధ్యక్షత వహించిన మనిషి పేరు డెల్టా తలుపుకు పెట్టడం సబబే. 1948 చట్టంతో జమీందారీలు పోయాయి. ఆ తర్వాత సర్కారు ఎంత దూరం రావచ్చన్న దానిపై పేచీ మొదలైంది. 1959 జనవరిలో నాగపూర్ కాంగ్రెసు ఉమ్మడి సహకార సేద్యాన్ని ఆమోదిస్తే, రైతు ఉద్యమాలన్నిటికీ ముందు నిలిచిన రంగాయే పార్టీ వదిలి ఆ ఏడే స్వతంత్ర పార్టీకి అధ్యక్షుడయ్యారు. ఆయన మారిపోయారని కొందరన్నారు. నిజానికి డెల్టా కమతదారుడి మనసు అదే. నీళ్లియ్యి, ధరియ్యి, చౌక అప్పు ఇయ్యి, పట్టా జోలికి మాత్రం రాకు. కమ్యూనిస్టులు బలంగా ఉన్న కృష్ణా జిల్లాలో కూలీలు, కౌలుదారులు దీనికి సరిగ్గా ఎదురు మాట చెప్పారు. చల్లపల్లి జమీందారీ భూముల పోరాటం ఆ మాటకు గుర్తు.

శిస్తు మీద చివరి పెద్ద పోరు కోర్టులో ముగిసింది. 1962లో రాష్ట్ర ప్రభుత్వం అదనపు శిస్తు చట్టం తెచ్చింది. నేల మంచిదా చెడ్డదా చూడకుండా కనీస రేటు వేయడం సమానత్వ హక్కుకు విరుద్ధమంటూ నల్లా రాజారెడ్డి కేసులో 1967లో సుప్రీంకోర్టు ఆ చట్టాన్ని కొట్టేసింది. అప్పటికే అసలు తగువు శిస్తు దాటి ధర దగ్గరికి చేరింది.

1965 జనవరిలో రెండు సంస్థలు ఒకేసారి వచ్చాయి: భారత ఆహార సంస్థ, వ్యవసాయ ధరల కమిషను. ఒకటి కొంటుంది, ఇంకొకటి ధర సిఫారసు చేస్తుంది. పొరుగున పశ్చిమ గోదావరిని 1960ల ఆరంభంలోనే విత్తనం, ఎరువు, అప్పు కలిపి ఇచ్చే ప్యాకేజీ ప్రోగ్రాంకు ఎంచుకున్నారు. ఐఆర్-8 వరి వంగడం వచ్చింది, తర్వాత మార్టేరు స్వర్ణ, బాపట్ల సాంబ మసూరి వచ్చాయి. వానాకాలపు సార్వా ఒక్కటే పండే చేలల్లో రెండో పంట దాళ్వా కూడా పండింది. ఆ ధాన్యాన్ని సర్కారు నేరుగా రైతు దగ్గర పెద్దగా కొనలేదు. మధ్యలో మిల్లరు ఉన్నాడు. మిల్లరు రైతుకు మద్దతు ధర ఇచ్చి ధాన్యం కొనాలి, ఆడించిన బియ్యంలో నిర్ణీత వాటాను లెవీగా ఆహార సంస్థకు ఇవ్వాలి, మిగిలినది బయట అమ్ముకోవాలి. ఆ వాటా కొన్నేళ్లు నూటికి 75 దాకా పోయింది. లెవీ ఎక్కువైతే మిల్లరు ఆ నష్టాన్ని బయటి బియ్యం ధరలోనైనా రాబట్టాలి, రైతుకిచ్చే ధరలోనైనా కోత పెట్టాలి. రెండోది తేలిక. మద్దతు ధర రాసినట్టు రసీదు ఉంటుంది, చేతికొచ్చేది తక్కువ ఉంటుంది. అందుకే లెవీ అంటే మిల్లరు మీద పన్ను అని ప్రభుత్వం చెప్పినా, అది తన మీద పన్నేనని రైతు అనుకున్నాడు. అతని అనుమానం తప్పు కాదు.

పటమటను ఆనుకుని 1960ల్లో పుట్టిన ఆటోనగర్ ఈ వ్యవస్థకు చక్రాలు తొడిగింది. పడవలు మూలపడి, రైలు వ్యాగన్ల కోసం పడిగాపులు పడలేక బియ్యం లారీ ఎక్కింది. లారీ బాడీ కట్టే వడ్రంగి, ఛాసిస్ అతికే వెల్డరు, కమాన్ కట్టలు సరిచేసే మేస్త్రి, ట్రాక్టరు ట్రక్కులు చేసే షెడ్లు అక్కడ గుమిగూడాయి. ఆసియాలోనే పెద్దదని బెజవాడ జనం గొప్పగా చెప్పుకుంటారు. వ్యవసాయ విధానం ఈ షెడ్లకు కిరాయి రూపంలో తెలుస్తుంది. బియ్యం రాష్ట్రం దాటకూడదని జోన్లు పెట్టి, చెక్‌పోస్టులు వేస్తే దూరపు కిరాయిలు తగ్గుతాయి. సరిహద్దులు తెరిస్తే లారీకి ఖాళీ ఉండదు, లారీ తిరిగితేనే షెడ్డుకు పని. 1957లో దక్షిణ రాష్ట్రాలన్నీ ఒక బియ్యపు జోనుగా ఉన్నప్పుడు కేరళ దాకా సరుకు పోయింది. 1964లో రాష్ట్రానికో జోను అనేసరికి గేటు పడింది. ఈ విషయంలో లారీ యజమాని ప్రయోజనం రైతుతో కలుస్తుంది. అదే షెడ్డులో రోజు కూలికి పనిచేసే కుర్రాడి సంగతి వేరు. అతనికి బియ్యం కొనే ఖర్చు ముఖ్యం, ధాన్యం ధర పెరిగిందంటే అతని వంటింట్లో బరువు పెరిగినట్టు.

1983లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం అమలు చేసిన కిలో రెండు రూపాయల బియ్యం ఈ చీలికను బయటపెట్టింది. ఆటోనగర్ చుట్టుపక్కల పేటల్లో అది ఇంటింటి పథకం. పల్లెల్లో కూలీలకు అంతకంటే ముఖ్యమైనది, పని దొరకని నెలల్లోనూ పొయ్యి వెలిగింది. భూస్వామి దగ్గర ముందుగా గింజలు తెచ్చుకుని తర్వాత తక్కువ కూలికి చాకిరి చేసే అవసరం తగ్గింది. డెల్టా ఆసాములు చౌక బియ్యం వల్ల కూలీలు రావడం లేదని ఫిర్యాదు చేయడానికి అసలు కారణం ఇదే. సోమరితనమని వాళ్లు పేరు పెట్టినదాన్ని కూలీ రేటు అడిగే ధైర్యం అనడం న్యాయం. ఇంతకీ ఆ బియ్యం వచ్చేది లెవీ నుంచే. కూలీ నోట్లోకి పోయే సబ్సిడీలో కొంత తన ధరలోంచి కోశారన్నది రైతు లెక్క. చౌక బియ్యానికి ఖజానా డబ్బే పూర్తిగా పెట్టి ఉంటే ఈ పగ ఇంత పెరిగేది కాదు.

నీటి విషయంలో మాత్రం గొడవ సద్దుమణిగింది. 1988లో నీటి పన్ను చట్టం వచ్చింది, 1990ల నడుమ రేట్లు సుమారు మూడు రెట్లు అయ్యాయి, 1997 చట్టంతో నీటి వినియోగదారుల సంఘాలు ఏర్పడ్డాయి. రేట్లు పెరిగినా ఊళ్లు రేగలేదు. నీటి ఖర్చు పెట్టుబడిలో చిన్న భాగమైపోయింది, ఎరువులూ కూలీ దాన్ని మించిపోయాయి. కృష్ణా జలాలను రాష్ట్రాలకు పంచిన బచావత్ ట్రిబ్యునల్ కృష్ణా డెల్టాకు 181.2 టీఎంసీలు కేటాయించినా ఎగువన జలాశయాలు పెరిగేకొద్దీ నీళ్లు ఆలస్యమయ్యాయి. 2015లో పట్టిసీమ ఎత్తిపోతలతో గోదావరి నీళ్లు ప్రకాశం బ్యారేజీకి చేరాక నాట్లు ముందుకు జరిగాయి. ఎంత ఖర్చయిందన్న వాదన శాసనసభలో జరిగింది, డెల్టా గట్ల మీద పెద్దగా జరగలేదు.

వ్యాపారం మీద వైఖరి 1935తో పోలిస్తే తలకిందులైనట్టు కనిపిస్తుంది. అప్పుడు గోడ కట్టమన్న రైతు, 2008 నాటికి గోడ కూల్చమన్నాడు. ప్రపంచ మార్కెట్లో బియ్యం ధర చుక్కలంటిన వేళ కేంద్రం బాస్మతి కాని బియ్యం ఎగుమతిని ఆపేసింది. నిషేధం 2011 సెప్టెంబరు దాకా సాగింది. గోదాములు నిండి కొనేవాళ్లు తగ్గిపోయిన ఆ 2011 ఖరీఫ్‌లోనే పొరుగున కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించారు. పండిస్తే వచ్చే నష్టం కంటే బీడు పెడితే వచ్చే నష్టం తక్కువన్నది వాళ్ల లెక్క. 1933లో అమెరికా ప్రభుత్వం ధరలు నిలబెట్టడానికి విస్తీర్ణం తగ్గించిన రైతులకు డబ్బు చెల్లించింది. కోనసీమలో ఎవరూ పైసా ఇవ్వకుండానే చేలు ఖాళీగా ఉంచారు. ప్రభుత్వం వేసిన మోహన్ కందా కమిటీ వచ్చి విచారించింది. ఎగుమతులకు అనుమతి, ఖర్చు మీద సగం కలిపి ధర, ఈ రెండూ వాళ్ల కోర్కెల్లో ముందున్నాయి. 2023 జూలైలో కేంద్రం మళ్లీ నిషేధం పెట్టింది, 2024 సెప్టెంబరులో ఎత్తేసింది. దిగుమతి ధరను పడగొడితే ఆపాలి, ఎగుమతి ధరను నిలబెడితే వదలాలి. రైతు వైపు నుంచి చూస్తే దాదాపు తొంభై ఏళ్లలో మాట మారలేదు. సర్కారుది కూడా మారలేదు, ఎప్పుడూ తినేవాడి ఓటు వైపే కాస్త మొగ్గింది.

లెవీని కేంద్రం 2014లో నూటికి 25కు తగ్గించి, 2015లో పూర్తిగా తీసేసింది. అప్పటి నుంచి పౌర సరఫరాల సంస్థ తరఫున సహకార సంఘాలు, స్వయం సహాయక బృందాలు, 2020 మే నెలలో మొదలైన రైతు భరోసా కేంద్రాలు ధాన్యం కొంటూ వచ్చాయి. మద్దతు ధర కాగితం మీది మాట నుంచి కొనుగోలు కేంద్రం వాకిట్లోకి వచ్చింది. గొడవ కూడా అక్కడికే వచ్చింది. కొనుగోలు కేంద్రంలో తేమ యంత్రం గుప్పెడు గింజలు మింగి అంకె చూపిస్తుంది. తేమ 17 శాతం దాటకూడదు. 22 చూపిస్తే రైతు ధాన్యాన్ని రోడ్డు మీదో కళ్లంలోనో రెండు మూడు రోజులు ఆరబోయాలి. లేదా బస్తాకు ఇన్ని కిలోల తరుగు ఒప్పుకోవాలి. గోనె సంచులు రాలేదంటే ఇంకో రెండు రోజులు. లారీ రాలేదంటే మరో రెండు. పూర్వం వరి కోసి, పనలు ఆరనిచ్చి, కుప్ప వేసి, వీలున్నప్పుడు నూర్చేవాళ్లు. కుప్ప రైతుకు గాదె వంటిది, ధర కోసం ఆగే వెసులుబాటు ఇచ్చేది. కోత మిషన్ వచ్చాక పచ్చి గింజ చేలోంచి నేరుగా ట్రక్కులో పడుతోంది. ఆరబెట్టడానికి చోటు లేదు, ఆగడానికి వీల్లేదు. కూలీల కొరత తీర్చిన యంత్రమే రైతును కొనుగోలు కేంద్రానికి కట్టిపడేసింది. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు కోసిన ధాన్యం, కోయని చేను రెండూ తడిశాయి. రంగు మారిన ధాన్యం కొంటారా కొనరా అన్నదే ఆ వారం డెల్టాలో రాజకీయం.

2020లో కేంద్రం తెచ్చిన మూడు సాగు చట్టాల మీద డెల్టా పంజాబులా కదలకపోవడానికి కారణం కూడా ఇక్కడే ఉంది. పంజాబు రైతు కాపాడుకోవాలనుకున్న యార్డు కొనుగోలు డెల్టా వరి రైతుకు ఎన్నడూ అంతగా తెలియదు. అతను ముందు మిల్లరుకు, తర్వాత ఊరి కేంద్రానికి అమ్మాడు. యార్డంటే గుంటూరు మిర్చి గుర్తొస్తుంది. రాష్ట్రంలో అప్పటి పాలక పక్షం పార్లమెంటులో ఆ బిల్లులను సమర్థించింది, తర్వాత రైతుల బంద్‌కు మద్దతూ ప్రకటించింది. రెండింటికీ ఊళ్లలో పెద్దగా అభ్యంతరం రాలేదు.

ఇప్పటి సాయం నేరుగా ఖాతాలో పడే డబ్బు. కేంద్రం పీఎం కిసాన్ కింద ఏడాదికి 6,000 రూపాయలు ఇస్తుంది. 2019 నుంచి రాష్ట్రం దానికి 7,500 కలిపి రైతు భరోసాగా 13,500 చేసింది. 2024లో ప్రభుత్వం మారాక అన్నదాత సుఖీభవ పేరుతో ఆ మొత్తాన్ని 20,000కు పెంచుతామని చెప్పి 2025 ఆగస్టులో తొలి విడత వేశారు. ఈ డబ్బు పట్టాదారు పాసు పుస్తకం వెంట పోతుంది. డెల్టాలో చేలో దిగేవాళ్లలో పెద్ద భాగం కౌలుదారులు. భూమి యజమాని విజయవాడలోనో హైదరాబాదులోనో అమెరికాలోనో ఉంటాడు. ఎకరానికి ఇన్ని బస్తాలని కౌలు ముందే మాట్లాడుకుంటారు, పంట పోయినా చాలాచోట్ల తగ్గించరు. 2011 చట్టం కౌలుదారుకు రుణ అర్హత కార్డు ఇవ్వజూపింది. 2019 పంట సాగుదారుల హక్కుల చట్టం దాన్ని మార్చి, పదకొండు నెలల ఒప్పందం మీద యజమాని సంతకం తప్పనిసరి చేసింది. సంతకం పెడితే భూమి మీద హక్కు పుడుతుందేమోనన్న భయం జమీందారీ రద్దు నాటి నుంచి యజమానులను వదల్లేదు. రైతు భరోసాలో ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ కౌలుదారులకు చోటు దొరికింది, మిగతా కులాల కౌలుదారులకు అదీ దక్కలేదు. కార్డు లేని కౌలుదారుకు బ్యాంకు అప్పు పుట్టదు. పంట బీమా, నష్ట పరిహారం అతని పేర రావడం కష్టం. ధాన్యం అమ్మేటప్పుడు కూడా ఈ-క్రాప్ పంట నమోదులో పేరెవరిదన్న ప్రశ్న వస్తుంది. కొన్ని ఊళ్లలో యజమాని ఖాతాలో పడిన సొమ్మును కౌలు లెక్కలో సర్దుబాటు చేసుకుంటారు, కొన్ని ఊళ్లలో ఆ ప్రస్తావనే రాదు.